మొదటి సందు మీసాల గుమ్మడి

విడుదలకు నలభై రోజులు

ఆట తయారుచేసే పైవాళ్ళు ఈ ఉదయం మా పెరట్లో ఒక నోటీసు పెట్టారు. ఇక నుంచి ప్రతి సందు పెద్దా జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలట. మొదటి సందుకు పెద్దను నేనే కాబట్టి రాస్తున్నాను. నోట కలం పట్టి రాయడం నాకు కొత్తే. అయినా పగలడం కంటే కష్టమేమీ కాదనుకుంటాను. పగలడంలో నన్ను మించినవాళ్ళు ఈ ఆటలో లేరు.

నా పేరు నూకాలు. బూడిద గుమ్మడికాయను. గుండ్రటి ఒళ్ళు, రెండు పొట్టి కాళ్ళు, పైన పసుపు, ఇంతింత కళ్ళు, బొగ్గుతో దిద్దిన మీసం. ఆడా మగా తేడా లేదు, మా అందరికీ మీసమే. నలభై ఏళ్ళ కిందట ఒకాయన తన ఇంటి గుమ్మానికి దిష్టికి కట్టిన కాయను చూసి మమ్మల్ని గీశాడు. గొంతు ఇచ్చినాయన విజయనగరం వైపువాడు. అందుకే ఇప్పటికీ పెరట్లో అందరిదీ అదే యాస. 'ఏడు కోటలు' వీడియో ఆట ఎనిమిది భాగాలుగా వచ్చింది. ఎనిమిదింటిలోనూ మొదటి కోట మొదటి సందులో అడ్డం నిలబడింది మేమే.

ఆడేవాళ్ళను మేం చేతులంటాం. వాళ్ళ మొహాలు మాకు కనబడవు. తెర మీద పరుగెత్తే వీరుడు కనబడతాడు. వాడు అందరికీ ఒకడే, వాణ్ణి నడిపే చేయి మాత్రం ఎవరిది వాళ్ళదే. తొందర చేయి, పిరికి చేయి, పెత్తనాల చేయి, దేన్నయినా రెండు గెంతుల్లో పోల్చేస్తాను. వీరుడు వచ్చి మా నెత్తిన దూకుతాడు, మేం పగులుతాం. పగిలిన కాయ తెర వెనక పెరట్లోకి తెల్లటి బోడి మొహంతో వచ్చి పడుతుంది. మాలో అందరికంటే ముసలి కాయ సన్యాసి మావ నోట కుంచె పట్టి కళ్ళూ మీసం దిద్దుతాడు. మళ్ళీ వెళ్ళి నిలబడతాం. రోజుకు కొన్ని వేలసార్లు ఇదే పని.

ఇప్పుడు తొమ్మిదో భాగం విడుదల కాబోతోంది. ఇందులో రెండు కొత్త సంగతులున్నాయి. చేతుల మాటలు కూడా మాకు వినిపిస్తాయి. మాకు నేర్చుకునే గుణం ఇచ్చారు. ఇదివరకు మూడడుగులు అటు, మూడడుగులు ఇటు, ఒక ఉబ్బు, ఒక గెంతు, అంతే. ఇక మా బుద్ధి కొద్దీ మేం నడుచుకోవచ్చు.

నోటీసులో ఇంకో మాట కూడా ఉంది. ఎప్పుడూ ఆట ఆడని చేతుల్ని పదేసి చొప్పున మూడు జట్లుగా పంపుతారట. జట్టుకు ఐదు రోజుల గడువు. ఆ ఐదు రోజుల్లో మా సందు దాటి, దాటిన మర్నాడు మళ్ళీ ఆటకు వచ్చిన చేతులు పదికి ఏడు ఉండాలి. మూడు జట్లలో ఒక్కదానిలోనైనా ఏడు తేలకపోతే మొదటి సందు పై సందుల్లో ఉండే గబ్బిలాలకు ఇచ్చేస్తారు.

"అప్పా, ఇచ్చీడమంటే? మరి మనల్నేటి సేస్తారు?" అన్నాడు పైడిరాజు. నా కింద పనిచేసే పన్నెండు మందిలో వాడే పెద్ద, నన్ను అక్క వరసలో అప్పా అంటాడు.

ఐదో భాగంలో నత్తల్ని తీసేశారు. ఆ తర్వాత నత్తన్నది ఎవరికీ కనబడలేదు. పాత భాగాలు నడిచే యంత్రాలు కూడా ఒక్కొక్కటే ఆరిపోయాయి. మాకు నిలబడడానికి మిగిలిన చోటు ఈ సందు ఒక్కటే.

నాకు మాత్రం భయం లేదు. గబ్బిలాలకు మీసం కూడా లేదు.

విడుదలకు ముప్పై ఏడు రోజులు

పాఠాలు మొదలుపెట్టాను. మా వృత్తిలో నియమం ఒక్కటే, చెప్పి కొట్టాలి. గెంతే ముందు బుగ్గలు ఉబ్బించి రెండు లెక్కపెట్టాలి. ఆ రెండు లెక్కల్లో చేయి తప్పుకుంటుందా, ఎదురొస్తుందా అన్నది దాని ఇష్టం. ఇది అందరికీ వచ్చిందే. నేర్పాల్సింది పగలడం.

పగలడంలో చాలా విద్య ఉంది. ముక్కలు నాలుగు వైపులా సమంగా పడాలి. గింజలు పైకి లేవాలి. 'టప్' మన్న చప్పుడు విని చేతికి ఒళ్ళు పులకరించాలి. నేర్చుకునే గుణం వచ్చాక ఇంకో వీలు దొరికింది. వీరుడి కాలు ఎక్కడ పడబోతుందో ముందే పసిగట్టి సరిగ్గా ఆ కిందికి వెళ్ళి నిలబడొచ్చు.

"కాలి కిందకి మనమే ఎల్లిపోడమేటప్పా?" అన్నాడు పైడిరాజు.

"ఒరే, సావడమే గదరా మన పని? ఆ పని బాగా సేస్తే తప్పేటి?"

వాడు ఆలోచించి తలూపాడు. సాయంత్రానికి పన్నెండు మందీ ఎలా గెంతినా కాలి కిందే ఉన్నారు. వీళ్ళను చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. సన్యాసి మావ మాత్రం రంగు కలుపుతూ తనలో తాను ఏదో గొణుక్కున్నాడు. వయసుతో పాటు చాదస్తం పెరిగింది.

విడుదలకు ముప్పై నాలుగు రోజులు

మొదటి జట్టు వచ్చింది. పది చేతులూ మొదటి పూటే సందు దాటేశాయి. ఎనిమిది భాగాల చరిత్రలో ఇలాంటిది లేదు. ఒక చేయి కళ్ళు మూసుకుని ఆడినట్టు ఆడింది, అదీ దాటింది. మావాళ్ళు పరుగెత్తి పరుగెత్తి పగిలారు. సందు చివర ద్వారం ముందు నా చోటు. నేనూ పదిసార్లు నిండుగా పగిలాను.

పెరట్లో పండగ చేశాం. సన్యాసి మావ చేత అందరికీ మీసాల కొసలు మెలితిప్పించాను.

విడుదలకు ముప్పై మూడు రోజులు

పదిలో ఇద్దరే వచ్చారు.

తప్పు మాది కాదు. సందు దాటించే వరకే మా పూచీ. దాటాక రెండో సందులో తేళ్ళున్నాయి, వాటి మొహాలు చూస్తే ఎవరికైనా మళ్ళీ రాబుద్ధి కాదు. ఈ మాటే పైవాళ్ళకు రాసి పంపాను. జవాబుగా నోటీసు పక్కన ఎర్రటి గీత ఒకటి వెలిగింది. ఇంకా రెండు జట్లున్నాయి.

విడుదలకు ఇరవై మూడు రోజులు

ఈ పుట రాయాలని లేదు. కానీ జరిగింది జరిగినట్టు రాయమన్నారు.

రెండో జట్టుకు ఇంకా బాగా పగలాలని పది రోజులు కసరత్తు చేశాం. నిన్న పొద్దున తొమ్మిది చేతులు వచ్చినవి వచ్చినట్టే దాటేశాయి. వాటిలో ఒక చేయి వెళ్తూ వెళ్తూ పక్కనున్నవాళ్ళతో అంది, "ఇదేం ఆటండీ, ఇవే వచ్చి కాళ్ళ కింద పడుతున్నాయి!"

నేను దాన్ని మెప్పనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

పదో చేయి వచ్చేసరికి నాకు ఒక ఇబ్బంది వచ్చిపడింది. తొందరలో సన్యాసి మావ నా కుడి కన్ను సరిగ్గా దిద్దలేదు. రంగు కారి కన్ను మూసుకుపోయింది. వీరుడి కాలు ఎక్కడ పడుతుందో నాకు కనబడలేదు. ఏం చేయాలో తోచక మొదటి భాగంలో చేసినట్టే చేశాను. మూడడుగులు అటు, మూడడుగులు ఇటు, బుగ్గలు ఉబ్బించి, రెండు లెక్కపెట్టి, గెంతాను. వీరుడు వెల్లకిలా పడ్డాడు. చేయి చచ్చింది.

సిగ్గుతో చచ్చిపోయాను. కొత్త చేతిని చంపేసిన గుమ్మడిని, నేను పెరట్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలి? అంతలో ఆ చేయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ చంపాను, కన్ను ఇంకా మూసుకునే ఉంది. మళ్ళీ వచ్చింది. నాలుగోసారి "అబ్బ, ఉబ్బినప్పుడు దూరం జరగాలన్నమాట!" అని గట్టిగా అరిచింది. ఏడోసారి నన్ను పగలగొట్టి ఎగిరి గంతేసింది. అవతల కుర్చీ పడిన చప్పుడు కూడా నాకు వినిపించింది.

ఇవాళ పదిలో వచ్చింది ఒక్క చేయి. అదే.

తర్వాత సన్యాసి మావ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

"మావా, నాను తప్పు సేసినాను."

ఆయన కుంచె నీళ్ళలో వదిలి అన్నాడు, "ఒలే నూకాలూ, మొదటి బాగం నుంచీ నీకు మీసం దిద్దతన్నాను. నువ్వు సావడానికి పుట్టినావని నాకెప్పుడూ అనిపించనేదు."

"మరి ముందే ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే ఇంటావేటి?"

వినేదాన్ని కాదు. నలభై ఏళ్ళు పగిలి పగిలి, పగలడమే పని అనుకున్నాను. మా పని అడ్డం నిలబడడం. పగలడం అవతలి చేయి చేసే పని. ఆ పని కూడా నేనే చేసేస్తే దానికి అక్కడ ఏం మిగిలింది?

నోటీసు పక్కన రెండో ఎర్ర గీత వెలిగింది. ఇంకొక్క జట్టే ఉంది.

విడుదలకు పద్దెనిమిది రోజులు

నేర్పడం తేలిక, నేర్పింది మాన్పించడం గగనం. పన్నెండు మందీ నిలబడడం మర్చిపోయారు. నిలబడమంటే నిలబడతారు, కాలి నీడ పడగానే కిందికి దూరిపోతారు. అరిచాను, బతిమాలాను, అలిగాను. లాభం లేదు.

చివరికి సన్యాసి మావతో ఒక కట్టుబాటు పెట్టించాను. పోరాడి పగిలిన కాయకు మొహం దిద్దుతాడు. తనంతట తాను కాలి కిందికి దూరినదానికి ఆ రోజంతా కుంచె తగలదు. కళ్ళు లేకుండా, మీసం లేకుండా పెరటి మధ్యలో బోడిగా కూర్చోవాలి.

మొదటి రోజు పన్నెండు మందీ బోడిగా కూర్చున్నారు. ఎవరు ఎవరో తెలియలేదు. తెల్లటి కాయలు వరసగా ఉంటే నాకు నత్తలు గుర్తొచ్చాయి. జాలేసింది కానీ మనసు గట్టి చేసుకున్నాను. మూడో రోజుకు ఐదుగురికి మీసాలొచ్చాయి. ఇవాళ ఇద్దరే బోడిగా మిగిలారు.

పైడిరాజుతో ఇంకో తంటా వచ్చింది. వాడు నిలబడడం నేర్చుకుని అక్కడితో ఆగలేదు. ఉబ్బకుండానే గెంతుతున్నాడు. కసరత్తుకు పైవాళ్ళు పంపే ఉత్తుత్తి వీరుల్ని వరసగా నలభై మందిని చంపి, మీసం ఎగరేసుకుంటూ వచ్చాడు.

"ఉబ్బితే తెలిసిపోతంది కదప్పా. ఉబ్బకపోతే మనల్ని ఎవుడు కొట్టగల్డు?"

"ఎవుడూ కొట్టనేడు. అందుకే ఎవుడూ మళ్ళీ రాడు."

"మరి బతకమన్నది నువ్వే గదా?"

"బతకమన్నాను. మోసం సెయ్యమన్నానేటి? సెప్పకుండా కొడితే ఆలకి నేర్సుకోడానికి ఏటుంటాది? గోడ కూలి మీద పడ్డట్టుంటాది. గోడతో ఎవులాడతారు?"

వాడికి కోపమొచ్చింది. రెండు రోజులు ఉబ్బకుండానే గెంతాడు. ఇవాళ మాత్రం ఉబ్బాడు. నిండుగా రెండు లెక్కపెట్టాడు. చూడనట్టు నటించాను.

విడుదలకు తొమ్మిది రోజులు

ఆఖరి జట్టు వచ్చింది. పది చేతుల్లో ఒక్కటి కూడా ఇవాళ సందు దాటలేదు. పెరడంతా నా మీద పడింది. నేను నిశ్చింతగా ఉన్నాను. పది చేతులూ కలిసి రెండు వందలసార్లకు పైగా చచ్చాయి, ఒక్కటి కూడా మధ్యలో లేచిపోలేదు.

అన్నిటికంటే ఎక్కువ చచ్చింది ఒక ముసలి చేయి. ఆ చేయి ఎవరిదో కూడా తెలిసింది, ఎందుకంటే ఆవిడ నోరు మూయదు. పేరు కొమురమ్మ. ఎక్కడో వరంగల్ దగ్గర బస్సు కండక్టరుగా చేసి రిటైరైందట. ఎప్పుడూ ఆట ఆడనివాళ్ళు కావాలంటే కూతురు స్వరూప పట్టుకొచ్చి కూర్చోబెట్టిందట. ఆవిడకు ఎడమ బొటనవేలు ఆలస్యం. నొక్కితే మాత్రం మీట విరిగిపోయేలా నొక్కుతుంది. గెంతే ముందు "రైట్ రైట్" అంటుంది. అలా అనేసరికే నేను ఆవిడ మీద పడిపోతాను.

"ఏయ్ మీసాలోడ! ఆగు, నీ సంగతి జెప్త," అంది ఇరవయ్యో చావు తర్వాత. నేను ఆడదాన్నని ఆవిడకు తెలియదు. "ముప్పై ఏండ్లు ఫుట్‌బోర్డు మీద నిలవడ్డ. ఎప్పుడు ఎక్కాల్నో ఎప్పుడు దిగాల్నో నువ్వు నాకు నేర్పుతవా?"

నేర్పుతాను, అనుకున్నాను. అని మళ్ళీ చంపాను.

విడుదలకు ఆరు రోజులు

ఆరు చేతులు దాటాయి. దాటినవి దాటినట్టు మర్నాడు తిరిగొస్తున్నాయి కూడా. ఒకటి నన్ను పగలగొట్టి ఏడ్చింది. సంతోషంతో ఏడ్చేవాళ్ళను ఇన్నేళ్ళలో నేను వినలేదు, ఇదివరకు మాకు వినిపించేదే కాదు కదా. మూడు చేతులు మాత్రం నిన్నటి నుంచి రాలేదు. ఒకదానికి జ్వరమట, రెండు ఊరెళ్ళాయట. వాటిని తీసేయాల్సిందే.

ఆరు చాలవు, ఏడు కావాలి. మిగిలింది కొమురమ్మ ఒక్కటే, రేపటితో గడువు సరి. ఆవిడ ఇప్పుడు ప్రతిసారీ పన్నెండు మందినీ దాటి నా దగ్గరికి రావడం నేర్చింది. నా దగ్గర మాత్రం చచ్చిపోతోంది. ఇవాళ్టికి అరవై ఎనిమిది.

సాయంత్రం ఒక పని జరిగింది. ఇంకో చేయి నన్ను పగలగొడితే మొహం దిద్దించుకోవడానికి పెరట్లోకి వచ్చాను. ఆ అదను చూసుకుని పైడిరాజు ద్వారం ముందు నా చోట్లో నిలబడ్డాడు. కొమురమ్మ వచ్చింది. "రైట్ రైట్" అంది. వాడు ఉబ్బాడు, గెంతలేదు. మెల్లగా జరిగి ఆవిడ కాలి కిందికి వెళ్ళి పగిలాడు. ద్వారం తెరుచుకుంది.

ఇంకొక్క అడుగు వేస్తే దాటినట్టే. వీరుడు గడప ముందు ఆగాడు.

"గిదేంది?" అంది కొమురమ్మ.

"గెలిచినవు అమ్మా, పో లోపలికి," అంది స్వరూప.

"ఏం గెల్చుడు? వాడే అచ్చి కాల్ల కింద పడ్డడు. టికెట్ లేకుంట ఎక్కినట్టున్నది. ముప్పై ఏండ్లు గిసోంటోల్లను దించిన, ఇప్పుడు నేనే ఎక్కాల్నా?"

వీరుడు వెనక్కి తిరిగాడు. సందు మొదటి దాకా నడిచి వెళ్ళాడు. "రేపొస్త," అని ఆవిడ ఆట ఆపేసింది.

పైడిరాజు బోడి మొహంతో పెరట్లోకి వచ్చి పడ్డాడు. తిడదామని నోరు తెరిచాను. "బయమేసిందప్పా," అన్నాడు. సన్యాసి మావ దగ్గర కుంచె అడిగి నోట కరుచుకుని, కట్టుబాటు పక్కన పెట్టి, వాడి మీసం నేనే దిద్దాను. వంకరగా వచ్చింది.

విడుదలకు ఐదు రోజులు, ఉదయం

అందరూ నా చుట్టూ చేరారు. ఎప్పుడూ నా మాటకు ఎదురు చెప్పని సన్యాసి మావ కూడా ఉన్నాడు.

"ఒలే, రొండు లెక్కల బదులు మూడు లెక్కెట్టు. ఆ ఏలు ఆలీసం కదా. ఎవులికీ తెల్దు."

"ఆవిడికి తెలుస్తాది."

"తెలిస్తే తెల్సింది! నువ్వు పగలకపోతే ఈ పన్నెండు మంది ఏటైపోతారు? నత్తలైపోతారు."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నాకూ భయం ఉంది. నలభై ఏళ్ళలో మొదటిసారి రాస్తున్నాను, ఉంది. ఈ సందు అంటే నాకు ప్రాణం. వీళ్ళంటే అంతకంటే ఎక్కువ. మూడో లెక్క పెట్టడం ఎంతసేపు? రెప్పపాటు.

కానీ నేను నూకాల్ని. నా లెక్క రెండే. అరవై ఎనిమిది సార్లు ఆవిడ నేర్చుకున్నది ఆ రెండు లెక్కలే. ఇవాళ మూడు లెక్కపెడితే ఆవిడ పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. దాటినా రేపు రాదు. ఇప్పటికే రెండు జట్లను ఆ దారినే పోగొట్టుకున్నాను.

"ఆవిడ గెలుస్తాది," అన్నాను.

"ఎలాగ తెల్సు నీకు?"

"నాను నేర్పినాను గదా."

అని చెప్పి వెళ్ళి ద్వారం ముందు నిలబడ్డాను.

విడుదలకు ఐదు రోజులు, సాయంత్రం

కొత్త మొహంతో రాస్తున్నాను. రంగు ఇంకా ఆరలేదు.

ఆవిడ పదింటికి వచ్చింది. పదకొండు లోపు ఐదుసార్లు చచ్చింది. నేను ఒక్క అంగుళం తగ్గలేదు. మధ్యలో స్వరూప గొంతు వినిపించింది.

"అమ్మా, చాయ్ సల్లారుతుంది. ఇగ ఇడువు దాన్ని."

"ఆగే. వాడు కొట్టే ముంగట బుగ్గలు పొంగిస్తడు జూడు. మంచోడు, చెప్పి కొడ్తడు. నాకే ఏలు అస్తలేదు."

మంచోడట. ఆడదాన్ని, మంచిదాన్ని అనాలి. అయినా నా కాళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి. వెంటనే సర్దుకుని మళ్ళీ చంపాను. డెబ్భై నాలుగు.

డెబ్భై ఐదోసారి ఆవిడ "రైట్ రైట్" అనలేదు. నోరు మూసుకుని వచ్చింది. ఆ చేయి నోరు మూయడం నేను వినడం అదే మొదలు. నేను ఉబ్బాను. ఒకటి. వీరుడు కదల్లేదు. రెండు. గెంతాను, నా శక్తి కొద్దీ గెంతాను, నాలుగో భాగంలో గెంతిన గెంతు అది. వీరుడు ఒక్క అడుగు వెనక్కి వేశాడు. నేను ఖాళీ నేల మీద పడ్డాను. తల ఎత్తేలోగా రెండు కాళ్ళూ నా నెత్తి మీద ఉన్నాయి.

నా జన్మలో అంత నొప్పిగా పగల్లేదు. ముక్కలు ఎటు పడ్డాయో, గింజలు లేచాయో లేదో చూసుకోలేదు. అవతల నుంచి ఒక కేక వినబడింది. మాటలు లేవు, ఉత్త కేక. తర్వాత స్వరూప నవ్వు, గిన్నె ఏదో దొర్లిన చప్పుడు. వీరుడు గడప దాటాడు.

పెరట్లోకి వచ్చి పడ్డాక మావాళ్ళు నన్ను నెత్తిన ఎత్తుకున్నారు. నేను కళ్ళు లేకుండానే ఏడ్చాను.

రేపు ఆవిడ తిరిగి వస్తేనే ఏడు.

విడుదలకు నాలుగు రోజులు

పదింటికి రాలేదు.

పదకొండైంది. రెండో సందు గుమ్మం దగ్గర పైడిరాజును కాపలా పెట్టాను. సందు దాటిన చేయి తిరిగొస్తే అక్కడి నుంచే మొదలుపెడుతుంది. మిగతా ఆరు చేతులూ అటే వచ్చి తేళ్ళతో కుస్తీ పడుతున్నాయి. మధ్యాహ్నమైంది. నోటీసు పక్కన రెండు ఎర్ర గీతలు వెలుగుతూనే ఉన్నాయి. సన్యాసి మావ ఆరిపోయిన రంగునే కలుపుతున్నాడు.

నేను మాత్రం పెరట్లో ఉండలేకపోయాను. ఎవరూ రాని మొదటి సందులోకి వెళ్ళి నా చోట్లో నిలబడ్డాను. పని లేకపోయినా చోటు ఖాళీగా ఉండకూడదు. వస్తుందని నాకు తెలుసు. తెలుసని పదే పదే అనుకున్నాను.

నాలుగింటికి సందు మొదట్లో వీరుడు కనబడ్డాడు. రెండో సందులో కాదు, ఇక్కడ.

"పొద్దుగాల్నే అద్దామంటె కరెంటు లేకపాయె," అంటోంది కొమురమ్మ.

"అమ్మా, నువ్వు గది దాటినవు గదా. రెండోది ఆడు. మల్ల మొదటికే వోయినవేంది?"

"నిన్న గెల్సింది నేనేనో, నా అదృష్టమో ఎట్ల తెల్వాలె? వాన్ని ఇంకోపారి కొడ్త. రెండోది యాడికి పోతది?"

నా వెనక పెరట్లో గోల మొదలైంది. ఏడు అని ఎవరో అరుస్తున్నారు, పైడిరాజే అయ్యుంటాడు. ఎర్ర గీతలు ఆరిపోయి పచ్చ గీత వెలిగిందని తర్వాత చెప్పారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఆవిడ అప్పటికే ఐదోవాణ్ణి దాటేసింది. నా గుండె నిండిపోయింది. ఆవిడను పట్టుకుని కావలించుకోవాలనిపించింది. గుమ్మడికాయలకు చేతులుండవు.

ఆ సాయంత్రం ఆవిడను తొమ్మిదిసార్లు చంపాను.